పెళ్ళి మెరవణి ఆపి కులం పేరుతో బెదిరిస్తే స్టేషన్లో ‘డీజే గొడవ’ అని రాసుకున్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

హంద్రీ_ఒడ్డు
మాది పత్తికొండ వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయను. మేం ఎస్సీలం. పోయిన ఆదివారం రాత్రి మా చిన్నాయన కొడుకు పెళ్ళి మెరవణి. ముందు ట్రాక్టరు మీద డీజే, దాని వెనక జనరేటర్, పెళ్ళికొడుకు బుల్లెట్ బండి మీద. మా కాలనీ మెరవణులు ఎప్పుడూ వెనక డొంకదారిలోనే పోయేవి. ఈసారి పెద్ద వీధి గుండా మారెమ్మ గుడి దాకా పోదామని తమ్ముడు పట్టుబట్టాడు. రచ్చకట్ట దగ్గరికి రాగానే ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఒకాయన జనరేటర్ వైరు పీకేశాడు, లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఇంకొకాయన బండి తాళంచెవి లాక్కుని కులం పేరు పెట్టి తిట్టాడు. “మా ఇండ్ల ముందర బండెక్కి పోతారా? రేపటి నుంచి మీ కాలనీలో ఒక్కర్ని కూలికి పిలిస్తే అడుగు. అంగట్లో ఉప్పు కూడా పుట్టదు మీకు” అన్నాడు. తమ్ముడు బండి దిగి, మెడలో పూలదండతో చీకట్లో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి మా జేజి సరిగ్గా అన్నం తినడం లేదు.

పొద్దున్నే స్టేషన్‌కి పోయినాం. రెండు గంటలు కూర్చోబెట్టి “డీజే సౌండ్ విషయమై ఘర్షణ” అని భారతీయ న్యాయ సంహిత 126 (దారికి అడ్డం నిలవడం), 351 (బెదిరింపు) కింద కేసు కట్టారు. ఎస్సీ ఎస్టీ చట్టం పెట్టమంటే “అది పెద్ద కేసు, ఊరు రెండుగా చీలుతుంది, పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి” అన్నారు. బెదిరింపు బెదిరింపే కదా, ఏ సెక్షన్ అయితే ఏముంది అంటున్నాడు మా చిన్నాయన. నాకు మనసు ఒప్పడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బుడ్డల_చేను
చదువుతుంటే కడుపు మండింది. చిన్నాయన మాట పక్కన పెట్టు. తేడా చాలా ఉంది. లాయరక్క వస్తుంది, వివరంగా చెప్తుంది.

గండికోట88
వీడియో ఉందా? ముందు అది చెప్పు.

హంద్రీ_ఒడ్డు
@గండికోట88 ఉంది. మా చెల్లెలు తీసింది. లైట్లు పోయాక ఏమీ కనపడదు గానీ మాటలు స్పష్టంగా వినపడతాయి.

లాయరక్క_కడప
ఆ ఫోన్ జాగ్రత్త. వీడియో ఎవరికీ వాట్సాప్ చేయొద్దు, ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు తీసిన ఫోన్ చేతిలో ఉంటే ఆ పని సులువు.

ఇక నీ ప్రశ్న. 351 అంటే ఎవరు ఎవర్ని బెదిరించినా పెట్టే సెక్షన్. గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్లాడుకున్నా అదే. రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చంపుతాననో ఇల్లు తగలబెడతాననో అంటే ఏడేళ్ళ దాకా పోతుంది. కానీ మీ తమ్ముణ్ణి ఆపింది సౌండ్ కోసం కాదు. బండెక్కింది ఎవరో చూసి ఆపారు. “మా ఇండ్ల ముందర” అన్న మాటలోనే అది తెలిసిపోతోంది. అలాంటి బెదిరింపు కోసమే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2016 జనవరి 26 నుంచి కొత్త నేరాలు చేర్చారు. నువ్వు చెప్పినదాంట్లో నాకు నాలుగు కనపడుతున్నాయి.

నలుగురూ చూసే చోట అవమానించాలని తిట్టడం, బెదిరించడం: 3(1)(ఆర్). నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడం: 3(1)(ఎస్). పెళ్ళి ఊరేగింపును అడ్డుకోవడం: 3(1)(జెడ్‌ఏ). ఇందులో బండి, గుర్రం, ఆఖరికి చెప్పులు, కొత్త బట్టలు కూడా పేరు పెట్టి రాశారు. ఇంతింత చిన్న విషయాలు చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని ఇట్ల దింపి ఉంటారో చూడు. నాలుగోది, కూలి లేదు, ఉప్పు లేదు అన్న మాట. అది సాంఘిక, ఆర్థిక బహిష్కరణ. బహిష్కరించడమే కాదు, బహిష్కరిస్తామని బెదిరించినా నేరమే: 3(1)(జెడ్‌సీ). వీటికి ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా శిక్ష, జరిమానా.

351 ఒక్కటే ఉందనుకున్నా, బాధితుడు ఎస్సీ అని తెలిసి చేస్తే 3(2)(వీఏ) జత చేయాలి. దానికి ఈ చట్టం చివర ఒక నేరాల జాబితా ఉంది, 351కి పాత రూపమైన ఐపీసీ 506 అందులో ఉంది.

గుంతకల్_జంక్షన్
నేను వేరే వైపు నుంచి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. కళ్యాణదుర్గం దగ్గర మా మేనమామ మీద ఇదే కేసు పెట్టారు. గొడవ అంతా పొలం గట్టు గురించి. కులం మాట రాలేదు. మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి, రెండు ఎనుములు అమ్ముకుని, చివరికి కొట్టేశారు. ఈ చట్టం చేతిలో ఉంటే ఎవర్నైనా లోపలేయొచ్చు అన్న భయం మా పల్లెల్లో ఉంది. 2018లో సుప్రీంకోర్టే దుర్వినియోగం అవుతోందని అనలేదా?

బుడ్డల_చేను
@గుంతకల్_జంక్షన్ మీ మామ కష్టం నిజమే కావొచ్చు. కానీ ఇక్కడ వైరు పీకింది, తాళంచెవి లాక్కుంది కళ్ళ ముందు జరిగింది. రెండూ ఒకటి ఎట్ల అవుతాయి?

గుంతకల్_జంక్షన్
ఒకటి అనలేదు. జాగ్రత్తగా పెట్టమంటున్నా అంతే.

లాయరక్క_కడప
@గుంతకల్_జంక్షన్ కోపం ఎందుకు, అడగాల్సిన ప్రశ్నే. 2018 మార్చి తీర్పులో ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలని అన్నారు. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చి ఆ రెండూ అక్కర్లేదని చెప్పింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ముందస్తు బెయిల్‌కు ఈ చట్టంలో అడ్డు ఉంది, నిజమే. కానీ ఫిర్యాదు చదవగానే నేరం కనపడకపోతే ఆ అడ్డు పనిచేయదని అదే తీర్పులో ఉంది. ఏడేళ్ళ దాకా శిక్ష ఉన్న నేరాలకు మామూలుగా నోటీసు ఇచ్చి పిలుస్తారు, వెంటనే జైల్లో వేయరు.

మీ మామ లాంటి గట్టు తగాదాలకు 2020 నవంబరు తీర్పు ఉంది, ఉత్తరాఖండ్ కేసు. ఆస్తి తగాదాలో అవతలివాళ్ళు ఎస్సీ అయినంత మాత్రాన చాలదు, కులం వల్లే అవమానించారని ఉండాలి అన్నారు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట ‘నలుగురూ చూసే చోట’ కిందికి రాదని కూడా చెప్పారు. అంటే చట్టంలో కాపుదల రెండు వైపులా ఉంది.

ఇంకో మాట. కేసు కొట్టేశారు అంటే అబద్ధపు కేసు అని కాదు. సాక్షులు ఎదురు తిరిగినా కొట్టేస్తారు. చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అంతమాత్రాన ఆ ఎనిమిది మంది చావలేదని ఎవరైనా అంటారా?

రిటైర్డ్_రైటర్
ముప్పై రెండేళ్ళు స్టేషన్లలో రైటర్‌గా పనిచేశా. ఫిర్యాదు రాసిన చెయ్యి నాది, కాబట్టి లోపల జరిగేది చెప్తా.

నూటికి తొంభై ఫిర్యాదుల్లో “కులం పేరుతో దూషించినాడు” అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఏ పేరు, ఏ మాట, ఎవరు ముందు అన్నారు, ఎవరు విన్నారు అన్నది ఉండదు. కోర్టులో అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. 2023లో ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఎఫ్‌ఐఆర్‌లో గానీ చార్జిషీటులో గానీ అన్న మాటలు లేవని, బయటివాళ్ళ ముందు అన్నట్టు లేదని కేసు నిలవనివ్వలేదు. అందుకని మాట మాటగా రాయించు. తిట్టును తిట్టుగానే రాయించు. “మా ఇండ్ల ముందర బండెక్కి పోతారా” అని ఇక్కడ ఎట్ల రాశావో అట్లనే.

రాసింది నీకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. 4వ సెక్షన్‌లో అది పోలీసు బాధ్యత అని రాసుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కావాలని చేయకపోతే ఆ ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. నాకు ఎవరూ చెప్పక ఉద్యోగంలో మొదటి పదేళ్ళు నేనూ ఆ ఒక్క వాక్యమే రాశాను. ఆ కేసులు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

హంద్రీ_ఒడ్డు
రైటర్ గారూ, మీరు చెప్పింది చదివి మేమిచ్చిన కాగితం జిరాక్స్ తీసి చూశాను. మా అమ్మ చెప్పింది, నేను రాసింది. కులం మాట రావాల్సిన చోట నేను చుక్కలు పెట్టాను. “...నా కొడకా అని తిట్టినారు” అని ఉంది. ఆ రోజు అమ్మ చెప్తూ చెప్తూ అక్కడికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ మాట మళ్ళీ నా నోటితో ఎట్ల అంటాను నాయనా” అంది. నాకూ చెయ్యి రాలేదు. చుక్కలు పెట్టాను.

రిటైర్డ్_రైటర్
నాయనా, ఆ చుక్కల చోటే కేసు ఉంది. ఇప్పటికీ దాటిపోలేదు. అదనపు స్టేట్‌మెంటులో మాట పూర్తిగా చెప్పొచ్చు. మొదటి కాగితంలో చుక్కలు ఎందుకు పెట్టారో కూడా, ఇప్పుడు నాకు చెప్పినట్టే, అమ్మ మాటల్లోనే రాయించు. చుక్కలు పెట్టారు అంటే అక్కడ ఒక మాట ఉందనే కదా. వీడియోలో వినపడుతోంది కూడా.

బుడ్డల_చేను
అమ్మ కొంగు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఎడిసన్_ప్రొద్దుటూరు
ప్రొద్దుటూరు వాణ్ణి, పదకొండేళ్ళుగా న్యూజెర్సీలో ఉన్నా. ఇక్కడి చట్టంలో ‘బయస్ ఇంటిమిడేషన్’ అని పేరు పెట్టిన నేరమే ఉంది. అసలు నేరం ఒకటి ఉండాలి, అంటే బెదిరింపో వేధింపో కొట్టడమో. దాన్ని జాతి, రంగు, మతం, లింగం, వైకల్యం, పుట్టిన దేశం లాంటివి చూసి చేశాడని రుజువైతే నేరం ఒక మెట్టు పైకి పోతుంది, శిక్ష పెరుగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉండేది. చేసినవాడి మనసులో ద్వేషం ఉందని తేలకపోయినా, తనను జాతి చూసే ఎంచుకున్నారని బాధితుడు సహేతుకంగా నమ్మితే చాలు అని ఒక భాగం. 2007లో ఒక టౌన్‌షిప్‌లో పనివాళ్ళు నల్లజాతి తోటి ఉద్యోగిని సామాన్ల కంచెగదిలోకి పిలిచి తాళం వేసి నవ్వుకున్నారు. ఆ కేసు చివరికి 2015లో న్యూజెర్సీ సుప్రీంకోర్టుకు చేరింది. అవతలి మనిషి ఏమనుకున్నాడన్న దాన్ని బట్టి ఒకణ్ణి దోషిని చేయడం కుదరదని, ఏది నేరమో చేసేవాడికి ముందే తెలియాలని ఆ భాగాన్ని కొట్టేశారు. మిగతా చట్టం అలాగే ఉంది.

నేనెందుకు చెప్తున్నానంటే, ఎక్కడైనా కష్టం అక్కడే వస్తుంది. దెబ్బ చూపించొచ్చు. ఎందుకు కొట్టాడో చూపించడం కష్టం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు, కాల్చినవాడు మా దేశం నుంచి పొండి అని అరిచాడు కాబట్టి కారణం బయటపడింది. ఆ వారమంతా మేం తెలుగులో మాట్లాడుకుంటూ అంగడికి పోవడానికి కూడా భయపడ్డాం. ఒక్కణ్ణి కొడితే వెయ్యి మందికి భయం పుడుతుంది. అందుకే దీన్ని వేరే నేరంగా చూడాలని నా నమ్మకం.

లాయరక్క_కడప
@ఎడిసన్_ప్రొద్దుటూరు బాగా చెప్పారు. మన దగ్గరా ఆ ముడి ఉంది. పెద్ద నేరాలకు సంబంధించిన 3(2)(వీ)లో మొదట ‘కులం కారణంగా’ అని ఉండేది. 2016 నుంచి ‘ఎస్సీ అని తెలిసి’ అని మార్చారు. పాత మాటతో ఎంత కష్టమో 2021లో మన రాష్ట్రం నుంచి పోయిన కేసులో కనపడింది. చూపులేని దళిత అమ్మాయి మీద అత్యాచారం. అత్యాచారానికి యావజ్జీవం ఖాయమైంది గానీ, కులం కారణంగా చేశాడనడానికి సాక్ష్యం లేదని అట్రాసిటీ సెక్షన్ నిలవలేదు. అదే తీర్పులో, కులం ఒక్కటే కారణం కానక్కర్లేదు, వైకల్యం, ఆడపిల్ల కావడం, కులం మూడూ కలిసే ఆమెను బలహీనురాలిని చేశాయని కోర్టు వివరించింది. 

హంద్రీ వాళ్ళకు ఇంకో సాయం ఉంది. నిందితుడికి బాధితుడి కుటుంబం ముందే తెలిస్తే, కులం కూడా తెలుసనే కోర్టు భావించాలి: 8(సీ). ఒకే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు నాకు తెలియదు అంటే చెల్లదు. కానీ తిట్టు, బెదిరింపు సెక్షన్లకు తెలిసి ఉండటం ఒక్కటే చాలదు, అవమానించే ఉద్దేశం కావాలి. ఆ ఉద్దేశం మాటల్లోనే దొరుకుతుంది. రైటర్ గారు మాట మాటగా రాయమన్నది అందుకే.

ఆదోని_బజార్
ఎస్సీ ఎస్టీలకు ఈ చట్టమైనా ఉంది. మా తమ్ముడు తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. ఒక వీధిలో నలుగురు ఆపి పేరు అడిగి, “మీవాళ్ళు ఈ వీధిలోకి రావొద్దు, వస్తే బండి ఉండదు” అన్నారు. దానిమ్మకాయలు రోడ్డు మీద దొర్లించారు. స్టేషన్‌కి పోతే 351 ఒక్కటే. మతం చూసి బెదిరించారు అని పెట్టడానికి ఏ సెక్షన్ లేదా?

లాయరక్క_కడప
@ఆదోని_బజార్ ఒక మనిషిని మతం చూసి బెదిరించడానికి ప్రత్యేకంగా సెక్షన్ లేదు. దగ్గరగా ఉన్నది న్యాయ సంహిత 196: మతం, కులం, భాష, పుట్టిన ఊరు పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం. మూడేళ్ళ దాకా. కానీ కోర్టు ఆ కేసు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్త సంహితలో ఒక మార్పు వచ్చింది. ఐదుగురు, అంతకు మించి కలిసి కులం, వర్గం, భాష, నమ్మకం లాంటివి చూసి ఒకర్ని చంపితే 103(2), తీవ్రంగా గాయపరిస్తే 117(4). బెదిరింపు దశలో మాత్రం ఖాళీ అలాగే ఉంది. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. బండి నష్టానికి 324 కూడా పెట్టించండి.

మూడు_చక్రాలు
ఖాళీ అన్నారు కదా, వికలాంగులకు ఉందని చాలామందికి తెలియదు. 2016 చట్టంలో 92వ సెక్షన్. నలుగురూ చూసే చోట వికలాంగుణ్ణి అవమానించాలని తిట్టినా బెదిరించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ళు. ఎస్సీ ఎస్టీ చట్టంలోని మాటలే దాదాపు దింపినట్టు ఉంటాయి. అనంతపురం బస్టాండులో నా బండి అడ్డంగా ఉందని ఒకాయన నా కాలు గురించి అనరాని మాట అన్నప్పుడు నేను ఈ సెక్షన్ పేరు చెప్పాను. అక్కడున్న కానిస్టేబుల్‌కి కూడా తెలియదు. ఫోన్లో వెతికి చూపించాను. ఆ పెద్దమనిషి క్షమాపణ చెప్పి పోయాడు.

కడప_నక్షత్ర
మా ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం 18వ సెక్షన్ ఉంది. ఊరి నుంచి, ఇంటి నుంచి వెళ్ళగొట్టినా, రోడ్డు మీద తిరగనివ్వకపోయినా, కొట్టినా, మాటలతో హింసించినా నేరమే. కానీ శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళే. మా మీద లైంగిక దాడి జరిగినా ఆ చట్టంలో అదే రెండేళ్ళు. మా ప్రాణానికి విలువ తక్కువా అని అడగాలనిపిస్తుంది. ఏడు రోడ్ల దగ్గర రోజూ ఎన్ని మాటలు పడతామో లెక్కలేదు.

గండికోట88
ఒక విషయం ఎవరూ అడగలేదు. హంద్రీ, మీ చిన్నాయన వాళ్ళు చర్చికి పోతారా? అవతలి వకీలు తవ్వేది అదే.

హంద్రీ_ఒడ్డు
చిన్నమ్మ ఆదివారం పోతుంది. చిన్నాయన పోడు. పెళ్ళి మా ఇంటి పద్ధతిలోనే, మారెమ్మ మొక్కుతో జరిగింది. సర్టిఫికెట్లు అందరివీ ఎస్సీ హిందూ అనే ఉన్నాయి. ఇది కేసుకు అడ్డమా?

లాయరక్క_కడప
గండికోట సరైన చోట ఆపాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్ళకే ఎస్సీ హోదా. 2025లో మన హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న ఒకాయన ఈ చట్టం కింద పెట్టిన కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. కాబట్టి ఫిర్యాదు పెళ్ళికొడుకు పేరు మీదే ఉండటం మంచిది, అవమానం జరిగింది అతనికే. సర్టిఫికెట్ కాపీ జత చేయండి. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏదీ దాచొద్దు.

సీమ_చినుకు
మనిషి మతం మారినా తిట్టేవాడు కులం మార్చడు కదా. చట్టం ఆ వాస్తవాన్ని ఎందుకు చూడదు?

గుంతకల్_జంక్షన్
@సీమ_చినుకు ఈ ఒక్క మాటకు నేనూ తలూపుతా.

హంద్రీ_ఒడ్డు
నిన్న రాత్రి పెద్దమనుషులు వచ్చారు. యాభై వేలు ఇప్పిస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. చిన్నాయన చేతిలో డబ్బుల్లేవు. పెళ్ళికి తెచ్చిన అప్పు ఉంది. నాలుగు రోజులుగా కాలనీలో ఎవర్నీ శెనక్కాయ కలుపుకి పిలవలేదు. అంగడాయన మా పిల్లకాయకి నూనె ప్యాకెట్ లేదన్నాడు, అల్మారాలో వరసగా కనపడుతున్నాయి.

సీమ_చినుకు
ఇదే అసలు బహిష్కరణ. తేదీ, టైము, ఎవరు ఎవర్ని ఏం అడిగితే ఏమన్నారు, ఒక నోట్‌బుక్‌లో రోజూ రాసుకోండి. మా ఊళ్ళో మా నాయన కాలంలో ఇట్లనే జరిగింది, రెండు నెలలు పక్క ఊరికి నడిచిపోయి బియ్యం తెచ్చుకున్నారు. అప్పుడు ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడు చెప్తే మా పిల్లలే నమ్మరు.

పెన్న_ఇసుక
కోపం వద్దు, కడుపు కూడా చూసుకోవాలి. అప్పు మీద అప్పు చేసి కోర్టులు తిరగలేరు. మర్యాదగా క్షమాపణ చెప్పించి రాజీ అయితే తప్పేముంది? ఊళ్ళో రేపు బతకాల్సింది వాళ్ళే, మనం కాదు.

బుడ్డల_చేను
@పెన్న_ఇసుక క్షమాపణ మాట ఎక్కడొచ్చింది? యాభై వేలు, సంతకం అన్నారంతే. రేపు ఇంకో మెరవణి కూడా డొంకదారిలోనే పోతుంది.

లాయరక్క_కడప
నిర్ణయం చిన్నాయన వాళ్ళది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ తెలిసి నిర్ణయించుకోవాలి. ఈ చట్టం కింద నేరాలను ఊళ్ళో కాగితం మీద రాజీ చేసుకుంటే కేసు పోదు. కొన్ని కేసుల్లో హైకోర్టు కొట్టేయొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ బలవంతం లేదని నమ్మితేనే. కూలి ఆపి, నూనె ఆపి తీసుకునే సంతకం బలవంతం కాకపోతే ఏమిటి?

డబ్బు విషయం. కులదూషణ కేసుకు ప్రభుత్వ పరిహారం లక్ష రూపాయలు. ఎఫ్‌ఐఆర్ దశలో పావు వంతు, చార్జిషీటు వేశాక సగం, శిక్ష పడ్డాక మిగతా పావు. అది దానం కాదు, ఈ చట్టం కింద చేసిన 1995 నియమాల ప్రకారం మీ హక్కు. కానీ ఆ సెక్షన్లు ఎఫ్‌ఐఆర్‌లో ఉంటేనే వస్తుంది. చిన్నాయన ‘ఏ సెక్షన్ అయితే ఏముంది’ అన్నదానికి ఇదీ ఒక జవాబు.

ఇప్పుడు చేయాల్సింది: ఎస్పీ గారికి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో చేతికి కూడా ఇవ్వండి. రసీదు తీసుకోండి. అక్కడా కదలకపోతే ప్రత్యేక కోర్టుకు పోవచ్చు. 14566కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అది అట్రాసిటీ కేసుల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, అరవై రోజుల్లో ముగించాలి.

గుంతకల్_జంక్షన్
ఒక చిక్కు చెప్తా, కాదంటే చెప్పండి. మెరవణిలో ఉన్నదంతా చుట్టాలే. అక్క చెప్పిన 2020 తీర్పు ప్రకారం బయటి మనిషి విని ఉండాలి కదా. అవతలివాళ్ళు దాని మీదే నిలబడతారు.

లాయరక్క_కడప
మంచి పాయింట్. రచ్చకట్ట ముందర రోడ్డు కాబట్టి చోటు గురించి భయం లేదు. 2008 తీర్పులో ఒక ఇంటి గేటు బయట కారు దగ్గర అన్నమాటే ‘నలుగురూ చూసే చోట’ అన్నారు. అదే 2025 జనవరిలో ఆఫీసు గదిలో బయటివాళ్ళు లేకుండా అన్నది కాదన్నారు. అయినా చుట్టం కాని ఒక్క సాక్షి ఉంటే కేసు బలం వేరు. హంద్రీ, ఆలోచించు. ఆ రాత్రి మీవాళ్ళు కానివాళ్ళు అక్కడ ఎవరున్నారు?

హంద్రీ_ఒడ్డు
డీజే ట్రాక్టరు డ్రైవరు. బయటి ఊరు. మా కులం కాదు. వైరు పీకింది ఆయన పక్కనే. కానీ ఆయన బండి బాడుగలన్నీ ఆ పెద్ద వీధి వాళ్ళ పెళ్ళిళ్ళకే. అడగాలంటే మాకే మొహమాటంగా ఉంది.

రిటైర్డ్_రైటర్
మీరు అడగకండి. రేపు సాక్షిని మీరే తయారు చేశారంటారు. ఆ రాత్రి డీజే ఎవరిది అన్నది ఫిర్యాదులో ఉంటే చాలు, డీఎస్పీయే పిలిపిస్తాడు.

హంద్రీ_ఒడ్డు
పది రోజుల తర్వాత రాస్తున్నా. సోమవారం కర్నూలు పోయి గ్రీవెన్స్‌లో ఇచ్చాం. అమ్మ కూడా వచ్చింది. మాట పూర్తిగా రాసింది చదివి వినిపిస్తే తలొంచుకుని విని, వేలిముద్ర కాదు సంతకమే పెడతానని మూడక్షరాలూ కూడబలుక్కుంటూ పెట్టింది. గురువారం సెక్షన్లు మార్చినట్టు మెమో కాపీ చేతికిచ్చారు. ఆర్, ఎస్, జెడ్‌ఏ, జెడ్‌సీ నాలుగూ ఉన్నాయి. రాజీ కాగితం చిన్నాయన వెనక్కి పంపించేశాడు.

నిన్న డీఎస్పీ వచ్చి స్కూలు వరండాలో స్టేట్‌మెంట్లు తీసుకున్నారు. సాయంత్రం చీకటి పడే వేళకు డీజే డ్రైవరు ట్రాక్టరు లేకుండా బస్సులో వచ్చాడు. ఆయన్ని పిలిపించారో, తనే వచ్చాడో మాకు తెలియదు. లోపల ముప్పావు గంట ఉన్నాడు.

ఎడిసన్_ప్రొద్దుటూరు
ఒంటరిగా వచ్చాడా?

హంద్రీ_ఒడ్డు
ఒంటరిగానే. బయటికొచ్చి జనరేటర్ వైరు కొత్తది వేయించానని మాత్రం చెప్పి, ఆఖరి బస్సుకు పోయాడు.

లాయరక్క_కడప
ఆయన గురించి ఇక ఇక్కడ ఒక్క అక్షరం రాయొద్దు. సాక్షులకు కూడా ఈ చట్టంలో 15ఏ కింద రక్షణ ఉంది, ఎస్పీ గారికి ఇచ్చే తర్వాతి కాగితంలో అది అడుగుదాం. జేజి తింటోందా?

హంద్రీ_ఒడ్డు
నిన్న సంగటి రెండు ముద్దలు తినింది. అంగట్లో నూనె మాత్రం ఇంకా పుట్టలేదు, నోట్‌బుక్‌లో రాసి పెట్టాను.